బావురుకప్ప చరిత్ర



తొలకరిలో ఒక రాత్రి వాన గట్టిగా కురిసిందంటే, తెల్లవారేసరికి చేని గట్ల ప్రక్క గుంటలన్నీ నిండుతవి. ఆ రాత్రంతా మనలను నిద్ర పోనీయకుండా అరిచేది బావురుకప్ప. రోహిణి ఎండలకు నెర్రెలు తీసిన నేలలో మొన్నటి దాకా ఒక్క కప్ప కూడ కానరాదు. వాన పడిన కొద్ది గంటలలో వందలు యెక్కడి నుండి వస్తవి? ఆకాశం నుండి రాలినవా? బురదలో పుట్టినవా? ఈ ప్రశ్న మన తాతలు అడిగినారు, వారి తాతలు అడిగినారు. దీనికి జవాబు దొరకడానికి మనిషికి వేల యేండ్లు పట్టినది.

ఎరువులను గురించి, విత్తనాలను గురించి, సస్యరక్షణను గురించి మీరు తరచుగా వింటూనే వున్నారు. ఈనాడు కప్పను గురించి చెప్పదలచినాను. నవ్వకండి. మన దేశంలో ఒకప్పుడు కప్పను దేవతగా కొలిచినారు. ఒకప్పుడు కప్ప కాళ్ళు కోసి పెట్టెల కెత్తి ఓడలలో పంపినారు. ఆ తరువాత చట్టం తెచ్చి ఆపినారు. ఇదంతా మన పొలాల గట్ల మీద జరిగిన చరిత్రే. ఈ చరిత్ర తెలిస్తే మనం చేయవలసిన పని యేమిటో కూడ తెలుస్తుంది.

మొదట మన పెద్దలు కప్పను యెట్లా చూచినారో చెప్పుకొందాము. ఋగ్వేదం 7 వ మండలంలో 103 వ సూక్తం పూర్తిగా కప్పలను గురించినదే. ఏడాది పొడుగునా మౌనవ్రతం పట్టిన బ్రాహ్మణుల వలె కదలక మెదలక పడివుండి, పర్జన్యుడు వాన కురిపించగానే కప్పలు గొంతు విప్పుతవని అందులో ఉన్నది. ఒకటి ఆవు వలె, మరొకటి మేక వలె అరుస్తుందనీ, ఒకటి పొడలు పొడలుగా, మరొకటి పచ్చగా వుంటుందనీ కూడ ఆ ఋషి గమనించినాడు. అంటే కప్పలలో జాతులున్నవనీ, ఒక్కొక్క జాతి అరుపు ఒక్కొక్క తీరనీ ఆనాడే గుర్తించినారన్నమాట. చివరకు ఆవులను, ఆయుష్షును యిమ్మని ఆ కప్పలనే వేడుకొన్నారు. సంస్కృతంలో కప్పకు వర్షాభువు అని ఒక పేరు. వానలో పుట్టినది అని అర్థం.

ఇక మన పల్లెలలో కప్పతల్లి సంగతి మీ రెరుగనిది కాదు. వానలు ముఖం చాటు చేసినప్పుడు రోకలికి వేపమండలు చుట్టి, దానికి కప్పను కట్టి, పిల్లలు ఇంటింటికీ తిరుగుతారు. ఇల్లాలు బిందెతో నీళ్ళు తెచ్చి పోస్తుంది. కప్ప పిలిస్తే వాన వస్తుందని నమ్మకం. నిజానికి వాన వస్తేనే కప్ప పిలుస్తుంది. అయినా ఆ నమ్మకంలో ఒక తెలివి లేకపోలేదు. కప్ప, వాన, పంట అనే మూడింటినీ ఒక్క త్రాటి మీద కట్టినారు మన పెద్దలు. ఆ ముడి అబద్ధం కాదు.

మన దగ్గర మాత్రమే కాదు, పడమటి దేశాలలోను కప్ప పుట్టుక పెద్ద చిక్కుప్రశ్నగానే వుండినది. క్రీస్తు శకం 1 వ శతాబ్దిలో రోములో ప్లినీ అనే పండితుడు వుండేవాడు. కప్పలు ఆరు నెలలు బ్రతికి, యెవరికీ కనపడకుండా బురదగా కరిగిపోతవనీ, మరల వసంతంలో నీటిలో యెప్పటి వలెనే పుడుతవనీ ఆయన వ్రాసినాడు. కప్ప బురదలోకి పోవడం, బురదలోనుండి రావడం ఆయన చూచినాడు; నడుమ జరిగినది చూడలేదు. చాలాకాలం లోకం ఆ మాటనే నమ్మినది.

నడుమ జరిగేది చూడడానికి ఓపిక పట్టినవారు 17 వ శతాబ్దిలో వచ్చినారు. హాలండులో యాన్ స్వామర్‌డామ్ అనే ఆయన భూతద్దం క్రింద కప్ప గ్రుడ్డును, తోకకప్పను, పెద్ద కప్పను వరుసగా పరిశీలించి, ఇవన్నీ ఒకే ప్రాణి పెరుగుదలలో మెట్లని బొమ్మలతో సహా చూపినాడు. ఆయన 1680 లో చనిపోతే, ఆ గ్రంథం 1737 లో గాని అచ్చు కాలేదు. 1758 లో జర్మనీలోని నూరెంబర్గులో రోజెల్ అనే చిత్రకారుడు ఆ దేశపు కప్పలను గ్రుడ్డు నుండి చివరిదాకా రంగులలో చిత్రించి పుస్తకం వేసినాడు. బొమ్మలు వ్రాసి బ్రతికే మనిషి, కప్ప అందం చూచి దాని వెంట పడినాడు.

తరువాత ఇటలీలో స్పల్లంజానీ అనే మతగురువు చేసిన పని వింటే మీకు నవ్వు వస్తుంది. 1780 కి కొంచెం అటూ యిటూ, మగకప్పలకు పట్టుగుడ్డతో చిన్న చిన్న లాగులు కుట్టి తొడిగినాడు. ఆ లాగులు తొడిగిన జంటలలో ఆడకప్ప పెట్టిన గ్రుడ్లు ఒక్కటి కూడ పెరుగలేదు, కుళ్ళిపోయినవి. లాగులో నిలిచిన ద్రవాన్ని గ్రుడ్లకు తగిలిస్తే అవి పిల్లలైనవి. మగదాని బీజం తగిలితేనే గ్రుడ్డు పెరుగుతుందని ఈ విధంగా తేలినది. అదే మనిషి తరువాత కుక్కకు కూడ చేతితో గర్భం కట్టించినాడు. నేడు మన పశువుల ఆసుపత్రిలో గేదెకు సూది వేయించి మేలుజాతి దూడను పొందుతున్నామంటే, ఆ దారిలో మొదటి అడుగులు కప్పల తొట్టిలో పడినవే.

కప్ప మనకు నేర్పిన పాఠాలు యింకా వున్నవి. 1661 లో ఇటలీ వైద్యుడు మల్పీగీ కప్ప ఊపిరితిత్తులను సూక్ష్మదర్శిని క్రింద చూచి, వెంట్రుక కన్న సన్నని రక్తనాళాలను మొదటిసారి కనుగొన్నాడు. 1791 లో గాల్వానీ, చచ్చిన కప్ప కాలు రెండు లోహాలు తగిలితే తన్నుకొనుటను గురించి వ్రాసినాడు. ఆ తన్నుడు యెందుకు కలిగినదని తర్కించిన వోల్టా 1800 లో బ్యాటరీ చేసినాడు. రాత్రిపూట చేలో నీరు పెట్టుకొనేటప్పుడు మీ చేతిలోని టార్చిలైటు కూడ కప్పకు కొంత ఋణపడి వున్నదన్నమాట.

సరే, ఇన్ని దేశాలవారు ఇన్ని యేండ్లు తదేకంగా చూచిన ఆ పెరుగుదల యెట్టిదో, మన గుంట ప్రక్కనే కూర్చుండి చూతము రండి.

ఎండకాలమంతా బావురుకప్ప నేలలో గుంట చేసికొనియో, గట్టు బొరియలోనో కదలక పడి వుంటుంది. తిండి లేదు. ఒంట్లోని క్రొవ్వే ఆధారం. తొలకరి జల్లుకు నేల నానగానే పైకి వస్తుంది. మగకప్ప రంగు మారుతుంది. మట్టిరంగు పోయి నిమ్మపండు వలె పసుపుపచ్చగా నిగనిగలాడుతుంది. గొంతు క్రింద రెండు ప్రక్కలా నీలిరంగు తిత్తులు ఉబ్బుతవి. ఆ తిత్తులు గాలితో నింపుకొని అరిచే అరుపే మనం వినేది. ఈ సింగారమంతా కొద్ది రోజుల ముచ్చటే. జత కట్టడం అయిన తరువాత మరల మామూలు రంగే.

ఆడకప్ప వానగుంటలో వేలకొద్ది గ్రుడ్లు పెడుతుంది. గ్రుడ్డు పైభాగం నలుపు, క్రిందిభాగం తెలుపు. చుట్టూ జిగురు. నీరు తగలగానే ఆ జిగురు సగ్గుబియ్యం ఉడికినట్లు ఉబ్బుతుంది. గ్రుడ్డుకు దెబ్బ తగలకుండా అదే పరుపు, అదే దుప్పటి. ఒంటినిండా పొక్కులుండి గెంతలేక గెంతే గోదురుకప్ప గ్రుడ్లయితే పూసల దండ వలె పొడుగాటి తీగెగా వుంటవి. చెట్టుకప్ప నీటిపైకి వంగిన కొమ్మమీద నురుగుతో గూడు కట్టి, అందులో గ్రుడ్లు పెడుతుంది. ఈసారి గుంట దగ్గరకు వెళ్ళినప్పుడు చూడండి, ఏ గ్రుడ్డు ఏ కప్పదో మీరే చెప్పగలరు.

మన వానకాలపు వెచ్చని నీటిలో ఒకటి రెండు రోజులలోనే గ్రుడ్డు పగిలి తోకకప్ప బయటకు వస్తుంది. అప్పుడది కప్ప కాదు, చేప అని చెప్పినా నమ్మవచ్చును. కాళ్ళు లేవు, ఊపిరితిత్తులు పనికి రాలేదు, మొప్పలతోనే గాలి. మొదట మొప్పలు బయట కుచ్చుల వలె వుంటవి. కొన్నాళ్ళకు వాటి మీద చర్మపు మడత కప్పుకొంటుంది. చాలా జాతుల తోకకప్పలు పాచి గోకి తింటవి. అందుకని వాటి ప్రేగు గడియారపు స్ప్రింగు వలె చుట్టలు చుట్టలుగా వుంటుంది. పాచి అరగాలంటే పొడుగాటి ప్రేగు కావాలి గదా! బావురుకప్ప పిల్లలు మాత్రం వేరు. అవి మాంసాహారులు. దోమపిల్లలను తింటవి, ఇతర కప్పల పిల్లలను తింటవి, ఆకలైతే తోడబుట్టిన వాటినే తింటవి. గుంట ఎండిపోయేలోపల త్వరగా పెరగాలని వాటి తొందర.

తరువాత తోక మొదట వెనుక కాళ్ళు మొలకల వలె కనపడతవి. ముందుకాళ్ళు కూడ లోపల పెరుగుతూనే వుంటవి గాని, చర్మం క్రింద దాగి వుండి, ఒక రోజున హఠాత్తుగా బయటపడతవి. ఇక అక్కడినుండి జరిగేది చూస్తే ఆశ్చర్యం. నోరు వెడల్పవుతుంది. ప్రేగు పొట్టిదవుతుంది. మొప్పలు పోతవి, ఊపిరితిత్తులు పనిలోకి వస్తవి. కండ్లు పైకి ఉబ్బి రెప్పలు ఏర్పడతవి. తోక తెగి పడిపోతుందని చాలామంది అనుకొంటారు. కాదండి. తోకలోని సరుకు కొంచెం కొంచెంగా ఒంట్లోకే యింకిపోతుంది. ఆ రోజులలో అది తిండి తినదు, తినడానికి నోరు యింకా సిద్ధం కాలేదు. తోకయే దానికి దారిబత్తెం. పాత యిల్లు విప్పి ఆ కలపతోనే క్రొత్త యిల్లు కట్టుకొని, అదీ లోపల కాపురముంటూనే కట్టుకొన్నట్లు వుంటుంది యీ పని.

గ్రుడ్డు నుండి గట్టు యెక్కేవరకు బావురుకప్పకు సుమారు నెల నుండి నెలన్నర పడుతుంది. ఈ లెక్క గుర్తు పెట్టుకోండి. నెలన్నర పాటు ఒక గుంటలో నీరు నిలవడమే కప్ప జాతికి ప్రాణం. మరల దీని దగ్గరకు వస్తాము.

ఈ మార్పుకు ఆజ్ఞ యిచ్చేది యేమిటి? 1912 లో గుడెర్నాచ్ అనే శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు గుర్రపు థైరాయిడ్ గ్రంథిని మేపినాడు. అవి యీగలంత వుండగానే కాళ్ళు వచ్చి, తోక పోయి, బుల్లి కప్పలైనవి. 1916 లో అమెరికాలో ఆలెన్ అనే ఆయన తోకకప్పల థైరాయిడ్ గ్రంథిని తీసివేసినాడు. అవి కప్పలు కానే లేదు. తోకకప్పలుగానే పెరిగి పెద్దవైనవి. మన గొంతులో వుండేదీ ఆ గ్రంథియే. దానికి అయోడిన్ చాలకపోతే మనకు గొంతువాపు వస్తుంది. అయోడిన్ ఉప్పు కొనమని చెప్పేది అందుకే. 1962 లో ఇంగ్లండులో జాన్ గర్డన్, తోకకప్ప ప్రేగులోని కణం నుండి తీసిన కేంద్రకాన్ని గ్రుడ్డులో పెట్టి పూర్తి కప్పను పెంచిన సంగతి ప్రకటించినాడు. ప్రేగు కణంలో కూడ మొత్తం కప్పకు కావలసిన పట్టీ అంతా వున్నదని తేలినది. 2012 లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చినది.

ఇక చేలోకి వద్దాము. పెరిగిన బావురుకప్ప తిండిపోతు. కదిలేది, నోట పట్టేది యేదైనా మింగుతుంది. మిడతలు, రెక్కల పురుగులు, గొంగళ్ళు, పీతలు, చిట్టెలుకలు, చివరకు చిన్న కప్పలు. దాని నాలుక మనకున్నట్లు గొంతులో కాదు, ముందు దవడకు అతికి వుంటుంది. అందుకే విసిరినట్లు బయటకు వస్తుంది. మింగేటప్పుడు కండ్లు మూసుకొంటుంది గదా, అది రుచికి కాదు. కనుగుడ్లను లోపలికి దించి ఆహారాన్ని గొంతులోకి నెట్టుకొంటుంది. నీళ్ళు నోటితో త్రాగదు, చర్మంతో పీల్చుకొంటుంది. ఈ చివరి మాట కూడ గుర్తు పెట్టుకోండి.

కప్ప ఒక్కటే మీ వరిలో చీడనంతా ఆపుతుందని నేను చెప్పను. అది మంచి పురుగునూ తింటుంది, చెడ్డ పురుగునూ తింటుంది. సాలీడును వదలదు, మిడతను వదలదు. అయితే జీతబత్తెం లేకుండా రాత్రంతా మేలుకొని చేను చుట్టివచ్చే కావలివాళ్ళలో అదొకటి. అట్టి కావలివాళ్ళు యెంతమంది వుంటే అంత మంచిది.

ఇట్టి కప్పకు 1950 ల నుండి ఒక కొత్త గిరాకీ వచ్చినది. అమెరికాలోను, ఫ్రాన్సు మొదలైన యూరపు దేశాలలోను కప్ప కాళ్ళు ఇష్టమైన వంటకం. మన దేశం నుండి చల్లబరచి గడ్డ కట్టించిన కప్ప కాళ్ళ యెగుమతి మొదలైనది. కేరళలో నాటుకొన్న యీ వ్యాపారం తమిళనాడు, కర్ణాటక, ఆంధ్ర, బెంగాలు దాకా ప్రాకినది. డాలర్లు వచ్చినవి. విదేశీ ద్రవ్యానికి కటకటగా వున్న రోజులవి. కనుక ఆ రోజులలో దీనిని తప్పని అన్నవారు తక్కువ. పని లేని వానకాలపు రాత్రులలో కూలివానికి నాలుగు రూపాయలు దొరికినవన్నదీ నిజమే.

గోదావరి కాలువ క్రింద ఒక వూరిలో ఒక పెద్దాయనను అడిగినాను.

“తాతగారూ, మీ వయసులో ఇక్కడ కప్పలు పట్టేవారా?”

“పట్టకేం బాబూ! పెట్రోమాక్సు లైట్లు పుచ్చుకొని వచ్చేవారు. వెలుగు కళ్ళల్లో పడితే కప్ప కదల్దు గదా. గోనెసంచుల్లో వేసుకుపోయేవారు. మేమూ పట్టాం, అబద్ధమెందుకు? బస్తాకింత అని యిచ్చేవారు. కాళ్ళు కోసేసి మిగతాది పారేసేవారట. కొన్నేళ్ళకి వాన పడ్డా ఊరు మూగగానే వుండేది.”

కప్పలు బెకబెకమంటే విసుక్కొనే మనకు, అవి లేని రాత్రి యెట్లా వుంటుందో ఆ మాటలో తెలిసింది.

ఎగుమతి 1981 నాటికి ఏటా 4 వేల టన్నులు దాటినది. ఇది కప్పల బరువు కాదు, కాళ్ళ బరువు. మనమే చిన్న లెక్క వేద్దాము. ఒక జత కాళ్ళు 100 గ్రాములు తూగినవనుకొన్నా, టన్నుకు 10 వేల కప్పలు. 4 వేల టన్నులకు 4 కోట్ల కప్పలు, ఒక్క యేడాదిలో! చిన్న కప్పలైతే ఆ లెక్క యింకా పెరుగుతుంది. పైగా పట్టేది యెప్పుడు? వాన పడి, జత కట్టడానికి బయటకు వచ్చి అరిచేటప్పుడే. గ్రుడ్లు పెట్టబోయే తల్లినే పట్టినట్లయినది. విత్తనపు గింజలు వండుకు తిన్నట్లు.

అదే కాలంలో మన చేలల్లో యింకొకటి జరిగినది. 1966 తరువాత పొట్టిరకం వరి వచ్చినది, దిగుబడి పెరిగినది, దేశం ఆకలి తీరినది. దానిని కాదనలేము. దానితోబాటే పురుగుమందు వాడకమూ పెరిగినది. ఎండ్రిన్ పేరు వినని తెలుగు పల్లె ఆ రోజులలో లేదు. ఆ మందు నీటిలో పడితే చేపలు, తోకకప్పలు తేలిపోయేవి. చర్మంతో నీరు త్రాగే ప్రాణికి మందునీళ్ళ మడి యేమవుతుందో చెప్పనక్కరలేదు. ఒక చేత కప్పను అమ్మి, యింకొక చేత మందు కొన్నాము. ఎండ్రిన్‌ను దేశంలో 1990 లో నిషేధించినారు.

కప్పల వ్యాపారాన్ని గురించి ప్రశ్నించినవారు కూడ వున్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన హుమాయూన్ అబ్దులాలీ 1985 లో ఆ సంఘపు పత్రికలో కప్ప కాళ్ళ యెగుమతిపై వివరమైన వ్యాసం వ్రాసినాడు. బ్రతికి వుండగానే కాళ్ళు కోయడం క్రూరమని జీవకారుణ్య సంఘాలవారు చిత్రాలు చూపి ప్రచారం చేసినారు. అదే 1985 లో బావురుకప్పను అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపార ఒడంబడిక రెండవ పట్టికలో చేర్చినారు. చివరకు 1987 లో మన ప్రభుత్వం కప్ప కాళ్ళ యెగుమతిని పూర్తిగా నిషేధించినది. కొనే దేశాలు మానలేదు. వారి గిరాకీ ఇండోనేషియా వైపు తిరిగినది. అక్కడి కప్పలకు మన కప్పల కథే మొదలైనది.

అయితే కప్ప మంచిదని యెక్కడబడితే అక్కడ వదలవచ్చునా? దీనికీ చరిత్ర జవాబు చెప్పినది. 1935 లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండులో చెరకు వేరుపురుగును చంపుతుందని హవాయి దీవుల నుండి పెద్ద గోదురుకప్పలను తెచ్చి, వాటి పిల్లలను చెరకు తోటలలో వదలినారు. అవి చెరకు పురుగును ఆపలేదు. తామే దేశానికి చీడయై ప్రాకినవి. వాటి విషానికి, తిన్న జంతువులు చచ్చినవి. మన బావురుకప్పయే, మన తెలుగువారు చాలమంది వున్న అండమాను దీవులకు ఈ శతాబ్దంలో యెట్లాగో చేరి, అక్కడ అట్టి చీడయే అయినది. దాని పిల్లలు అక్కడి స్థానిక కప్పల పిల్లలను తినివేస్తవి. పెద్ద కప్పలు కోడిపిల్లలను కూడ మింగుతవి. పుట్టిన చోట పాములు, కొంగలు, గ్రద్దలు దాని లెక్క సరిచూస్తుంటవి. ఆ లెక్క తప్పిన చోట నేస్తం శత్రువవుతుంది. కనుక కప్పలను తెచ్చి పోయవద్దు. ఉన్న కప్పలను బ్రతుకనిస్తే చాలు.

ఇప్పుడు నేను చెప్పదలచిన అసలు మాట. 1987 నిషేధం కప్ప కాలును కాపాడినది. కాని కప్ప ఉయ్యాల అయిన వానగుంటను కాపాడే చట్టం లేదు. 2023 లో ప్రపంచమంతటి లెక్క తీసినారు. కప్పలు మొదలైన ఉభయచర జాతులలో ప్రతి 5 కు 2 అంతరించే ప్రమాదంలో వున్నవని తేలినది. చోటు పోవడం, రోగం, వాతావరణం మారడం, ఇట్టివి కారణాలు. మన బావురుకప్ప ఇంకా ఆ పట్టికలోకి పోలేదు. పోకుండా చూచుకొనే అవకాశం మన చేతిలో వున్నది. మడులు చదును చేసి, గుంటలు పూడ్చి, బోదెలకు సిమెంటు వేసికొన్నాము. నీరు పారుతున్నది, నిలవడం లేదు. నిలిచిన చెరువులో చేపలున్నవి, అవి గ్రుడ్లను తోకకప్పలను తింటవి. కప్పకు కావలసినది ఎండకాలం ఎండి, వానకాలం నెలన్నర నిలిచే చేపలు లేని గుంట. అదే కరువైనది.

కనుక నాలుగు చిన్న పనులు చెప్తాను. ఖర్చు లేనివే.

మొదటిది, పల్లం వైపు మూల ఒక అర సెంటు చోటు మోకాటి లోతున వదలండి. వాననీరు నిలుస్తుంది. అందులో చేపపిల్లలను వేయకండి. ఇంటికి దూరంగా వుండాలి. కప్పలున్న చోటికి పాము రావడం నిజమే. అందుకే ఇంటి దగ్గర వద్దంటున్నాను. రాత్రి గట్టుమీద నడిచేటప్పుడు టార్చిలైటు, కాలికి బూట్లు మరువకండి.

రెండవది, మడిలో నీరు తీసి ఆరగట్టేటప్పుడు, ఆ గుంటలోకి ఒక చిన్న బోదె తీయండి. నీటితోబాటు తోకకప్పలు అందులోకి చేరుకొంటవి. లేకపోతే మడిలోనే ఎండిపోతవి.

మూడవది, గుళికల మందు గాని, పిచికారి గాని వేసిన మడి నీటిని ఆ గుంటలోకి పోనీయకండి. స్ప్రేయరు డబ్బా అందులో కడుగకండి. మందు కొట్టే ముందు చేలో దిగి, దుబ్బు దుబ్బుకు పురుగు యెంత వున్నదో లెక్క చూడండి. నష్టం చేసే హద్దు దాటకపోతే మందు ఆపండి. మీ డబ్బు మిగులుతుంది, కావలివాడు మిగులుతాడు.

నాలుగవది, గట్ల మీద గడ్డినంతా ఒకేసారి తగులబెట్టకండి, కలుపుమందుతో మాడ్చకండి. ఒక ప్రక్కయినా వదలండి. ఎండకాలం కప్ప తలదాచుకొనేది ఆ గట్టులోనే.

మన భాషలో కప్పల తక్కెడ అని ఒక సామెత వున్నది. ఒకటి ఎక్కిస్తే ఒకటి దూకుతుంది, తూకం నిలవదు అని. నిజమే, తక్కెడలో పెట్టి తూచినప్పుడు కప్ప లెక్క మనకు తేలలేదు. డాలర్లలో తూచినాము, తప్పినది. చేలో వదిలి చూస్తేనే దాని విలువ తెలుస్తుంది.

రాబోయే తొలకరికి ముందే ఆ మూల గుంట త్రవ్వి వుంచండి. వాన పడిన రెండవ రోజున మీ పిల్లలను వెంటబెట్టుకొని వెళ్ళి, ఆ నల్లని గ్రుడ్లను చూపించండి. రోజు విడిచి రోజు చూపించండి. కాళ్ళు మొలవడం, తోక యింకడం వారు తమ కండ్లతో చూస్తారు. ప్లినీ చూడలేనిది మీ పిల్లలు చూస్తారు.